గింజ చెప్పు సాక్ష్యము

(ఒక పట్టణ గ్రంథాలయ వార్షికసభలో గావించిన ఉపన్యాసము)



నేడు నన్ను మాటలాడుమని కోరిన విషయము పైకి చూడ మిక్కిలి చిన్నది. అంగటిలో మనము కొనెడి బియ్యపు బస్తామీద ఒక ఊరి పేరుండును. మిరపకాయల సంచిమీద మఱియొక ఊరి పేరుండును. పప్పు పొట్లముమీద రసాయనపుటెరువులు వేయక పండించినదని వ్రాసియుండును. ఈ మాటలు నిజమా కాదా యని తెలిసికొనుటెట్లు? ప్రశ్న యింతే. కాని దీని వెనుక రైతు కష్టార్జితమున్నది, కొనువాని నమ్మకమున్నది, లోకపు సంతలో మన దేశమునకు గల మాటవాసి యున్నది. అందుచేత దీనిని కొంచెము నిదానముగా విచారింతము.

మన తాతలనాడు ఈ ప్రశ్నకు అవసరము తక్కువ. వడ్లు ఏ మడిలో పండినవో కొనువాడెఱుగును. అమ్మువాని తండ్రిని గూడ ఎఱుగును. గింజను అరచేత నలిపి, పంట కొఱికి, వాసన చూచి బేరమాడువారు. మాట తప్పిన వర్తకునకు మఱుసటి సంతలో మొగము చెల్లదు. నేటి వ్యవహారము వేఱు. ధాన్యము మిల్లు చేరును, దళారుల చేతులు మాఱును, ఓడ యెక్కి అమెరికాలోని తెలుగువారి వంటింటికి గూడ బోవును. అక్కడి యిల్లాలు చూచునది సంచిమీది అచ్చును మాత్రమే. సాక్షి దూరమైనకొలది అబద్ధమునకు లాభము హెచ్చును. పేరు గల ఊరి సరకునకు నాలుగు రూపాయలు హెచ్చు వచ్చినయెడల, అవి ఆ ఊరి నేలమీద చెమటోడ్చినవానికి చేరవలయును. పేరు దొంగిలించినవాడు వానిని గొనిపోవుట పంట దొంగిలించుటతో సమానము.

ఈ న్యాయము కొఱకే మన పార్లమెంటు 1999లో భౌగోళిక సూచికల చట్టమును చేసినది. అది 2003 సెప్టెంబరునందు అమలులోనికి వచ్చినది. గుంటూరు సన్న మిరప, బనగానపల్లె మామిడి, అరకులోయ అరబికా కాఫీ, తాండూరు కంది - ఇవన్నియు ఆ చట్టముక్రింద నమోదైన మన పంటలు. చట్టము పేరునకు హక్కు నిచ్చినది, సంతోషమే. అయినను హక్కుతో బాటు సాక్ష్యమును గావలయును. ఒక బస్తాలోని కంది తాండూరు నేలలో పండినది కాదని చెప్పవలసినచో ఎవరు చెప్పవలయును? కాగితము వ్రాయువాడు మనుష్యుడే, ముద్ర వేయువాడును మనుష్యుడే. గింజయే తన పుట్టుపూర్వోత్తరములను చెప్పగలిగినచో ఎంత బాగుండును! శాస్త్రజ్ఞులు నేడు కొంతవఱకు గింజచేతనే ఆ మాట చెప్పించుచున్నారు. అది యెట్లో వినుడు.

మొదటి సాక్షి నీరు. నీటిలో ఉదజని, ఆమ్లజని గలవని పాఠశాల పిల్లలెఱుగుదురు. ఆమ్లజని పరమాణువులన్నియు ఒకే బరువు గలవి కావు. సుమారు ఐదువందలలో ఒకటి తక్కినవానికంటె బరువైనది. రసాయనగుణమున ఒక్కటియై బరువున వేఱైన ఇట్టి తోబుట్టువులనే ఐసోటోపులందురు. ఉదజనికిని ఇట్టి బరువైన తోబుట్టువు గలదు. దానిని 1931లో కనుగొనిన అమెరికా శాస్త్రజ్ఞుడు హెరాల్డు యూరీకి 1934లో నోబెలు బహుమానము వచ్చినది. సముద్రమునుండి లేచిన మేఘము నేలమీదికి సాగి కురియునపుడు బరువునీరు ముందుగా రాలును. మేఘము లోనాడులకు బోవుకొలది, కొండలెక్కుకొలది, మిగిలిన వాన తేలిక యగును. చెఱువునీరు ఎండకు ఆవిరియగునపుడు తేలికనీరు ముందు లేచిపోయి, బరువునీటి పాలు హెచ్చును. ఇట్లు తీరపు వానకొక లెక్క, మెట్టసీమ వానకొక లెక్క, వేసవి చెఱువునకొక లెక్క యేర్పడుచున్నవి. పైరు త్రాగిన నీటి జాడ గింజలో నిలుచును. పరమాణువులను బరువునుబట్టి వేఱుచేసి లెక్కించు మాస్ స్పెక్ట్రోమీటరను యంత్రము ఆ జాడను చదువగలదు.

రెండవ సాక్షి మన్ను. నేలలో స్ట్రాన్షియమను లోహము స్వల్పముగా నుండును. ఎముకలకు బలమిచ్చు ఖటికమును పీల్చుకొనునట్లే పైరు దీనిని గూడ పీల్చుకొనును. ఱాళ్ళలోని రుబీడియమను మూలకమున ఒక రకము, కోట్లకొలది సంవత్సరములలో మెల్లమెల్లగా, స్ట్రాన్షియములో ఒక రకముగా మాఱును. కావున ఱాయి ఎంత పురాతనమో, రుబీడియమెంత గలదో, దానినిబట్టి ఆ రకపు పాలు హెచ్చును. దక్కను పీఠభూమియే దీనికి చక్కని ఉదాహరణము. మహారాష్ట్రము నిండ వ్యాపించి తెలంగాణపు పడమటి అంచువఱకు వచ్చిన నల్లఱాయి, సుమారు 6.6 కోట్ల సంవత్సరములనాడు పాఱిన లావాచే నేర్పడినది. తెలంగాణ రాయలసీమలలో పెక్కుచోట్ల కనబడు గట్టిఱాయి 250 కోట్ల సంవత్సరములకు పైబడినది. మొదటిదానిమీది నల్లరేగడిలో ఆ పాలు తక్కువ. రెండవదానిమీది ఎఱ్ఱనేలలో హెచ్చు. రెంటను ఒకే విత్తు చల్లినను గింజలలోని లెక్కలు వేఱుగా నుండును.

మూడవ సాక్షి విత్తనపు వంశము. దీనిని చెప్పునది డి.ఎన్.ఏ. పరీక్ష. హైదరాబాదులోని డి.ఎన్.ఏ. వ్రేలిముద్రల కేంద్రము బాసుమతి బియ్యమున ఇతర బియ్యపు కల్తీని కనిపెట్టుటకు ఇట్టి పరీక్షావిధానము నేర్పరచినది. అయితే ఈ సాక్షి చెప్పగలదేమో, చెప్పలేనిదేమో తెలిసికొనుట అవసరము. మన యింటి ఉదాహరణమే చాలును. బాపట్ల పరిశోధనాస్థానమున రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి వరిని, తెలుగునాటనే గాక ఇతర రాష్ట్రములయందును పండించుచున్నారు. కర్నూలు సోనా యను పేర అమ్ముడగు సన్నబియ్యము ప్రధానముగా ఆ వంగడమే. తెలంగాణ సోనా యనునది ఆర్.ఎన్.ఆర్. 15048 అను వేఱు వంగడము. ఈ రెంటికిని గల భేదమును వంశపరీక్ష చెప్పగలదు. కాని కర్నూలులో పండిన 5204కును, వేఱొక రాష్ట్రమున పండిన 5204కును వంశమొక్కటే. అక్కడ ఆ పరీక్ష మౌనము వహించును. విత్తనము పుట్టిన ఊరు వేఱు, పంట పండిన ఊరు వేఱు. ఊరిని గుఱించి నీటిని మన్నును అడుగవలసినదే.

ఇట్టి సాక్ష్యము చేతనుండుటవలన దేశమునకు గలిగెడి బలమును మనము ఒకమారు చూచితిమి. 1997లో అమెరికా పేటెంటు కార్యాలయము టెక్సాసులోని ఒక కంపెనీకి బాసుమతి వరి వంగడములమీదను గింజలమీదను పేటెంటు నిచ్చినది. ఆ లక్షణములు గల ధాన్యము మన పొలములలో మున్నే యున్నదని మనవారు శాస్త్రసాక్ష్యములతో అభ్యంతరము చెప్పిరి. కంపెనీ కొన్ని హక్కులను తానే వదలుకొనినది. 2001 నాటికి తక్కినవానిలో పెక్కు రద్దయినవి. అక్కడ ఆగ్రహోపన్యాసములకంటె గింజ కొలతల పట్టికలు ఎక్కువ పని చేసినవి.

ఇంతవఱకు ఎక్కడ పండినదను మాట. ఎట్లు పండినదను ప్రశ్న ఇంతకంటె చిక్కైనది. ఇచ్చట సాక్ష్యము చెప్పునది నత్రజని. దానికిని బరువైన తోబుట్టువు గలదు. కర్మాగారమున యూరియా చేయుటకు గాలిలోని నత్రజనినే తీసికొందురు. అందుచే యూరియా లెక్క గాలి లెక్కకు దగ్గఱగా నుండును. పశువుల పేడ కుప్పలో మాగునపుడు తేలికైన నత్రజని అమ్మోనియా రూపమున ముందు లేచిపోవును. మిగిలిన ఎరువులో బరువైనది హెచ్చును. కావున పెంటయెరువుతో పండిన పంటకును, యూరియాతో పండిన పంటకును తఱచుగా భేదము కనబడును. ఈ భేదమునుబట్టి సేంద్రియమని చెప్పి అమ్మిన సరకును పరీక్షించు పద్ధతి యేర్పడినది.

వినుటకు న్యాయముగానే యున్నది. కాని మన పొలమునకు వచ్చి చూడుడు. మన రైతు జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి, పూతకు వచ్చునపుడు మడిలోనే కలియదున్నును. ఆంధ్రప్రదేశమున 2016లో ఆరంభమైన ప్రకృతి వ్యవసాయోద్యమమున, తొలకరికి ముందు నవధాన్యములు చల్లి నేలను పచ్చగా నుంచుటయు ఒక ముఖ్యవిధి. ఈ పప్పుజాతి మొక్కల వేళ్ళబుడిపెలు నత్రజనిని ఎక్కడినుండి తెచ్చును? గాలినుండియే! కావున పచ్చిరొట్టతో పండించిన ధాన్యపు లెక్కయు గాలి లెక్కకు, అనగా యూరియా లెక్కకు, దగ్గఱగా రావచ్చును. యూరియా గింజయైనను ముట్టని రైతు పరీక్షాశాలలో దొంగగా తేలుటకు వీలున్నది. పేడయెరువు దండిగా వేసి, చాటుగా కొంత యూరియా చల్లినవాడు దొరగా తేలుటకును వీలున్నది. పురుగుమందు సంగతియు ఇట్టిదే. గింజలో మందు జాడ లేకున్నంతమాత్రమున అది చల్లలేదని ఋజువు గాదు. స్వల్పముగా జాడ గనబడినను, అది ప్రక్క పొలమునుండి గాలిలో వచ్చినదో, కాలువనీటిలో వచ్చినదో, రైతే చల్లినదో విచారింపవలసియే యుండును.

ఊరి విషయమునను ఇట్టి చిక్కే గలదు. గోదావరి నాసికము దాపున త్ర్యంబకమున పుట్టి, దేశమడ్డముగా ప్రవహించి, ధవళేశ్వరమునొద్దనుండి కాలువలద్వారా డెల్టా మళ్ళకు చేరుచున్నది. వాన కురిసినది ఒకచోట. పైరు త్రాగినది మఱియొకచోట. డెల్టాలోని ఒండ్రుమట్టిని తెచ్చినదియు నదియే. అందు దక్కను నల్లఱాతి పొడియు, పురాతనపు గట్టిఱాతి పొడియు కలసియున్నవి. కృష్ణా డెల్టాయు ఇట్టిదే. పైగా సార్వాకు కాలువనీటితో ఆ ఋతువు వాన కలియును. దాళ్వా పంటకు కాలువయే ముఖ్యాధారము. ఒకే మడిలో, ఒకే రైతు పండించిన రెండు పంటల లెక్కలు వేఱు గావచ్చును. దూరదేశమున గూర్చున్న పరీక్షకుడు వానపటమును ముందుంచుకొని, ఈ సీమ వాన లెక్క యింత, గింజ లెక్క అంత, కావున ఈ గింజ ఆ సీమది గాదని వ్రాసినచో, కోనసీమ రైతు అన్యాయముగా అబద్ధికుడగును. యంత్రము తప్పు చెప్పలేదు. అది చెప్పినదానిని పోల్చుటకు సరియైన మచ్చు లేకపోవుటయే దోషము.

సభాసదులారా! నేను చెప్పవచ్చిన ముఖ్యవిషయమిదియే. యంత్రమెంత గొప్పదైనను ఒంటిగా ఏ ఊరి పేరును చెప్పలేదు. ఫలానా మడిలో, ఫలానా పంటకాలమున, ఫలానా నీటితో పండినదని నిస్సందేహముగా తెలిసిన గింజ మచ్చు దాని ముందుండవలయును. అనుమానపు గింజను ఆ మచ్చుతో పోల్చి, సరిపోయినదనియో, సరిపోలేదనియో అది చెప్పును. కాబట్టి మచ్చులెవరియొద్ద నుండునో తీర్పును వారి చేతనే యుండును.

ఐరోపావారు ఈ సంగతిని ముందుగా గ్రహించిరి. ద్రాక్షసారాలో చక్కెర కలుపువారిని పట్టుటకు ఫ్రాన్సులోని నాంట్ నగర శాస్త్రజ్ఞులు 1980 దశకమున ఒక పరీక్షను వృద్ధిచేసిరి. పరీక్షతో వారు తృప్తిపడలేదు. 1991లో ఐరోపా సమాజము ద్రాక్షసారాకు ఐసోటోపు లెక్కల భాండాగారమును స్థాపించినది. నమ్మకమైన తోటలనుండి ఏటేట పండ్లు గోసి, వానితో సారా చేసి, కొలిచి, ఆ లెక్కలను భద్రపరచుచున్నారు. ఏటి ఎండ వానలు మాఱును గనుక ఏటేట క్రొత్త మచ్చు గావలయును. విలాసపానీయము కొఱకు వారింత శ్రద్ధ వహింపగా, కోట్లమందికి అన్నమైన వరి కొఱకు మనమంతకంటె తక్కువ శ్రద్ధ వహించుట తగునా?

వహింపనియెడల ఏమగునో తేనె కథ చెప్పును. తేనెటీగలు సాధారణముగా ముట్టు పూలమొక్కల కర్బనపు లెక్క వేఱు, చెఱకు మొక్కజొన్నల లెక్క వేఱు. అందుచే చెఱకుపాకము కలిపిన తేనె కర్బనపరీక్షలో పట్టుబడును. మోసగాండ్రు ఈ సంగతి నెఱిగి బియ్యమునుండి తీసిన పాకమును కలుపసాగిరి. వరి లెక్కయు పూలమొక్కల లెక్కయు ఒక తెగవే యగుటచే పాతపరీక్షకు అది దొరకదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంటు అను సంస్థ 13 బ్రాండుల తేనెలను పరీక్ష చేయించి, అన్ని పరీక్షలలోను నెగ్గినవి 3 మాత్రమే యని ప్రకటించినది. కంపెనీలు ఆ ఫలితములను ఖండించినవి. ఆ వివాదమటుంచి, మనము గమనింపవలసినది మఱియొకటి గలదు. నిర్ణాయకమైన ఆ పరీక్షకై మన తేనెను జర్మనీకి పంపిరి. మన పూల తేనెకు మన దేశమున తగిన సాక్షి దొరకకపోవుట సిగ్గుపడవలసిన విషయము. ఒక్క పరీక్షను నమ్మి కూర్చున్నవాని ప్రక్కనుండియే మోసము నడచిపోవునని ఈ కథ నేర్పు రెండవ పాఠము.

ఇక చేయవలసినదేమి? నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదటిది, మచ్చుల భాండాగారము. పేరు గల ప్రతి పంటకును, సీమసీమనుండి, సార్వాకు దాళ్వాకు వేర్వేఱుగా, కాలువక్రింద, చెఱువుక్రింద, బావిక్రింద వేర్వేఱుగా, ఏటేట మచ్చులు తీసి ముద్రవేసి యుంచవలయును. విశ్వవిద్యాలయములు, వ్యవసాయ పరిశోధనాస్థానములు దీనిని నిర్వహింపవలయును. ఆ లెక్కలు ప్రజల సొత్తుగా నుండవలయును. మన రైతుల పొలములనుండి ఏ కంపెనీయో మచ్చులు గొనిపోయి, ఆ లెక్కలను రహస్యముగా దాచి, పిమ్మట మనకే తీర్పులు విక్రయించు స్థితి రాకూడదు.

రెండవది, రైతునకు ప్రతిమచ్చు హక్కు. 2006 నాటి ఆహారభద్రతా చట్టముక్రింద అధికారి మచ్చు తీయునపుడు దానిని నాలుగు భాగములు చేసి ముద్రవేయవలయును. కోరినచో ఒక భాగమును గుర్తింపుగల వేఱొక పరీక్షాశాలకు పంపించుకొను హక్కు వ్యాపారికి గలదు. పంట కొనెడి కంపెనీ పరీక్ష పేర రైతు సరకును త్రోసివేయునపుడును ఇట్టి న్యాయమే యుండవలయును. తన గింజమీద ఏమి పరీక్ష జరిగినదో, దేనితో పోల్చిరో తెలిసికొనక తల వంచవలసిన గతి రైతునకు పట్టరాదు.

మూడవది, పరీక్షను సాక్షిగా నుంచుడు, న్యాయాధిపతిని చేయకుడు. నీరు, మన్ను, వంశము, ఎరువు - ఈ సాక్షులందఱిని కలిపి విచారింపవలయును. వీరితో బాటు పొలమును కన్నులార చూచినవాని మాటయు, రైతు వ్రాసికొన్న లెక్కయు గూడ వినవలయును. భాగస్వామ్య హామీ పద్ధతియందు ఇరుగుపొరుగు రైతులే ఒకరి పొలము నొకరు చూచి మాట యిత్తురు. ఆ మాటకు పరీక్ష తోడైన బలము. పరీక్ష వచ్చినదని ఆ మాటను త్రోసివేసిన నష్టము.

నాలుగవది, ఖర్చు. రెండెకరముల రైతు యీ పరీక్షల వెల నీయజాలడు. వాని నెత్తిన ఈ భారము పెట్టినచో, నిజము చెప్పుకొను శక్తి ధనవంతుని సొత్తగును. పేరు నమోదు చేయించుకొన్న సంఘములు, సహకారసంఘములు, మార్కెటు కమిటీలు, ప్రభుత్వము కలసి దీనిని భరింపవలయును. పేరువలన వచ్చు లాభమును అనుభవించు వర్తకుడును తన పాలు చెల్లింపవలయును.

ఇందు గ్రంథాలయమునకేమి పని యని మీరడుగవచ్చును. గలదు. మచ్చు ఎంత భద్రముగా దాచినను, దాని చరిత్ర తెలియనిచో అది వట్టి పిడికెడు గింజలు. ఏ సర్వే నంబరు, ఏ విత్తనము, ఏ కాలువ, ఏ యెరువు, ఏనాడు నాటిరి, ఏనాడు కోసిరి - ఈ వివరములు ఊరియందే, ఆ దినమందే వ్రాసి యుంచవలయును. ప్రతి గ్రామ గ్రంథాలయమును ఒక పంటల పుస్తకమును తెఱచి, రైతులచే చెప్పించి వ్రాయించినయెడల, పట్నపు పరీక్షాశాల దానిమీద నాధారపడగలదు. చదువు వచ్చిన యువకులు వారమునకొక పూట ఈ పనికి వినియోగింపరాదా? గ్రంథాలయోద్యమము మన యూళ్ళకు పుస్తకములను తెచ్చినది. ఇపుడు మన యూళ్ళు తమ పుస్తకమును తామే వ్రాయవలసిన కాలము వచ్చినది.

స్వదేశి యనగా మన వస్తువును మనము కొనుట యని మన పెద్దలు నేర్పిరి. మన వస్తువు మనదేయని ఋజువు చేసికొనగల శక్తియు స్వదేశిలోనిదే. ఆ శక్తి లేనినాడు మన ఊరి పేరును ఎవడైనను సంచిమీద అచ్చువేసికొనును. ఎవడైనను మన రైతును అబద్ధికుడనును. గింజలో సాక్ష్యము సిద్ధముగా నున్నది. దానిని చదువు విద్యను, పోల్చు మచ్చును మన చేతనుంచుకొనుట మన కర్తవ్యము. ఈ సంవత్సరపు దాళ్వా కోతలనాటికి ఈ గ్రంథాలయమున పంటల పుస్తకపు మొదటి పుట వ్రాయబడునని ఆశించుచున్నాను.

వందేమాతరమ్.